పోగుల జిప్సం (సాటిన్ స్పార్): మట్టి గోడ కడిగేయాలా, అలాగే ఉంచాలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, కొత్తగా చదివేవాళ్ళకు పనికొస్తుంది. మీ దగ్గర రెండు ముక్కలున్నాయి, వాటి ఫొటోలు పంపారు. ఒకటి నున్నగా పాలిష్ చేసిన తెల్లటి కడ్డీ, సెలెనైట్ అని చెప్పి అమ్మారు. రెండోది అరచేతి అంత పలక. దాని మధ్యలో సుమారు రెండు అంగుళాల మందాన పట్టులా మెరిసే తెల్లటి పోగులు, పైనా కిందా ఎర్రటి మట్టిరాయి. పోగులు నిటారుగా లేవు, మధ్యలో వంపు తిరిగాయి. కడ్డీ నకిలీదని ఒక మిత్రుడన్నారు, వంకర పోగులు లోపమని ఇంకొకరన్నారు. మట్టిని కడిగేసి, అంచులు కోయించి, పాలిష్ పట్టించి అద్దాల బీరువాలో పెట్టాలనుకుంటున్నారు.

సమాధానం సూటిగా చెబుతాను. రెండూ అసలైన జిప్సమే. కలెక్షన్‌లో ముందు వరుసలో ఉండాల్సింది మాత్రం ఆ మట్టి పట్టిన పలక. దాన్ని నీళ్ళతో కడగకండి, కోయించకండి, పాలిష్ పట్టించకండి. ఆ రెండు మట్టి గోడలు స్పెసిమెన్‌కి అంటిన మురికి కాదు, స్పెసిమెన్‌లో భాగం. ఆ వంపు లోపం కాదు, ఆ రాయిలో అన్నిటికన్నా విలువైన విషయం. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

పేర్ల సంగతి ముందు తేల్చేద్దాం. ఖనిజం ఒక్కటే, జిప్సం. అంటే నీటిని తన స్ఫటికంలోనే ఇముడ్చుకున్న కాల్షియం సల్ఫేట్. బరువులో దాదాపు 21 శాతం నీరే. పారదర్శకంగా పలకల్లాగానో కత్తుల్లాగానో పెరిగితే సెలెనైట్ అంటారు. సన్నటి పోగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పక్కపక్కనే పెరిగితే సాటిన్ స్పార్. సన్నటి గింజల ముద్దగా ఉంటే అలబాస్టర్. ఇవన్నీ రకాల పేర్లే, వేర్వేరు ఖనిజాలు కావు. వ్యాపారంలో పోగుల రకాన్ని కూడా సెలెనైట్ అనే పిలవడం అలవాటైపోయింది. అందుకని మీ కడ్డీ విషయంలో అమ్మినవారి పేరు సరిగ్గా లేదు గానీ రాయి అబద్ధం కాదు. మెక్సికోలోని నాయికా గనిలో 11 మీటర్లు దాటిన రాక్షస స్ఫటికాల ఫొటోలు మీరు చూసే ఉంటారు, సెలెనైట్ అంటే అది. మీ చేతిలో ఉన్నది సాటిన్ స్పార్. లేబుల్ మీద "జిప్సం, సాటిన్ స్పార్ రకం" అని రాసుకోండి.

ఫొటో ఒక్కటే చూసి నేను ఖాయంగా చెప్పను. కానీ గోటితో గీస్తే గీత పడిందని మీరే రాశారు, నా నమ్మకానికి అదే ఆధారం. మోస్ కాఠిన్య కొలమానంలో 2వ అంకెకు ప్రమాణంగా పెట్టుకున్న ఖనిజమే జిప్సం. గోరు సుమారు రెండున్నర. పోగుల రూపంలో ఉండి చూపుకి మోసం చేసే రాళ్ళు కొన్ని ఉన్నాయి, వాటిని ఇలా విడదీయాలి. పోగుల కాల్సైట్, పోగుల అరగొనైట్ గోటికి లొంగవు, పలచటి ఆమ్లం చుక్క పడితే బుడగలు పొంగుతాయి. పాత పుస్తకాల్లో వీటిని కూడా సాటిన్ స్పార్ అనే రాశారు కాబట్టి పాత లేబుళ్ళను గుడ్డిగా నమ్మకూడదు. పోగుల అన్‌హైడ్రైట్ (నీరు లేని కాల్షియం సల్ఫేట్) ఆమ్లానికి పొంగదు గానీ గోటికి గీత పడదు, చేతిలో స్పష్టంగా బరువనిపిస్తుంది. జిప్సం సాంద్రత 2.3, అన్‌హైడ్రైట్‌ది 2.9 దాటుతుంది. యులెక్సైట్ అనే మరో పోగుల ఖనిజం ఇంకా తేలిక, 2 కన్నా తక్కువ. పోగులకు అడ్డంగా కోసి రెండు ముఖాలూ పాలిష్ చేసిన యులెక్సైట్‌ను అచ్చు వేసిన కాగితం మీద పెడితే అక్షరాలు పై ముఖం మీదకు వచ్చినట్టు కనిపిస్తాయి. జిప్సంలో అంత స్పష్టత రాదు, వెలుతురు మాత్రమే మసకగా పైకి వస్తుంది.

పరీక్షలు ఏవైనా రాలిన చిన్న పలుకు మీదే చేయండి, స్పెసిమెన్ మీద కాదు. పలుకుల్ని పారేయకుండా చిన్న సీసాలో దాచుకుంటే ఇలాంటప్పుడు ఉపయోగపడతాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. పచ్చటి సర్పెంటైన్ రాతిలో తెల్లగానో బంగారు ఛాయలోనో పట్టులా మెరిసే పోగులు కనిపిస్తే అది క్రైసోటైల్ కావచ్చు, అంటే పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్. దాని పోగులు మెత్తగా, నూలులా విడిపోతాయి. జిప్సం పోగులు విడిపోయినా పెళుసుగా విరిగిపోతాయి. అనుమానం వచ్చిన ముక్కని చేత్తో నలిపి చూడొద్దు. మూత ఉన్న పెట్టెలో పెట్టి తెలిసినవాళ్ళకి చూపించండి. మీ పలకలో గోడలు ఎర్రటి మట్టిరాయి, పోగులు గోటికి గీరుకున్నాయి కాబట్టి మీకు ఆ భయం లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ పోగులు ఎందుకు అలా పెరిగాయి?

ఉప్పునీటి కయ్యలు, సముద్రపు పాయలు ఎండిపోయినప్పుడు జిప్సం పొరలు పొరలుగా పేరుకుంటుంది. దాని మీద మట్టి, ఇసుక పేరుకుంటూ లోతుకు కూరుకుపోతే, అక్కడి వేడికి ఒత్తిడికి జిప్సం తనలోని నీటిని వదిలేసి అన్‌హైడ్రైట్‌గా మారుతుంది. లక్షల ఏళ్ళ తరువాత పైపొరలు కోసుకుపోయి ఆ రాయి మళ్ళీ నేల పైభాగానికి దగ్గరగా వచ్చినప్పుడు భూగర్భజలం తగిలి తిరిగి జిప్సం అవుతుంది. అలా మారేటప్పుడు దాని ఘనపరిమాణం 60 శాతం దాకా పెరగగలదు. ఉన్నచోట అంత స్థలం ఉండదు. దాంతో సల్ఫేట్ నిండిన నీరు ఒత్తిడి మీద చుట్టుపక్కల మట్టిరాయిలోకి దారి వెతుక్కుంటుంది.

మట్టిరాయి పొరల వెంబడి సులువుగా విడుతుంది. నీటి ఒత్తిడి పైనున్న రాతి బరువుతో సమానమయ్యే చోట పొరల మధ్య వెంట్రుక మందాన సందు తెరుచుకుంటుంది. తెరుచుకున్నంత మేరా జిప్సం నింపేస్తుంది. మళ్ళీ కొంచెం తెరుచుకుంటుంది, మళ్ళీ నిండుతుంది. స్ఫటికానికి ఎప్పుడూ వెడల్పైన ఖాళీ దొరకదు. దొరికేది తాను పొడవు పెరగడానికి చాలినంత సన్నటి జాగా మాత్రమే. అందుకే పక్కకి పెరగలేక, ముఖాలు తేల్చుకోలేక, గోడలు దూరం జరిగే దిక్కులోనే పోగులా సాగుతుంది. అడ్డంగా పరుచుకున్న జిప్సం పొరల్లో పోగులు నిలువుగా నిలబడి ఉండటానికి కారణం ఇదే, పైరాయి నిలువుగా లేచింది. సాటిన్ స్పార్‌కి మొన తేలిన కొసలు ఎందుకు లేవని కొత్త కలెక్టర్లు అడుగుతుంటారు. ఉండవు. గోడ నుంచి గోడ దాకా పోగే. క్వార్ట్జ్‌లో చూసినట్టు మొన కోసం ఇందులో వెతకకూడదు.

ఇప్పుడు మీ పలకనే తీసుకోండి. పది రెట్ల లూపు (చిన్న భూతద్దం) పట్టుకుని, పాలిష్ లేని విరిగిన అంచును పక్క నుంచి వచ్చే వెలుతురులో చూడండి. పొర మధ్యలో ఎక్కడో గోడలకి సమాంతరంగా ఒక సన్నటి గీత కనిపించాలి. మీ రెండో ఫొటోలో నాకు కనిపిస్తోంది, లేత గోధుమ రంగులో, అక్కడక్కడా తెగుతూ. ఆ గీతలో గోరు కొస అంతటి ఎర్రమట్టి పలుకులు ఇరుక్కుని ఉంటాయి. పగులు మొదట తెరుచుకున్న చోటు అది. పోగులు అక్కడ పుట్టి, రెండు వైపులా గోడల దాకా పెరిగాయి. అంటే పొర మధ్యభాగం అన్నిటికన్నా పాతది, మట్టి గోడని తాకుతున్న కొస అన్నిటికన్నా కొత్తది. పగులు నిండటం అంటే గోడల నుంచి లోపలికి నిండటమని మనం సాధారణంగా అనుకుంటాం. ఇక్కడ తిరగబడి జరిగింది.

గోడ దగ్గర ఇంకో విషయం చూడండి. కొన్ని చోట్ల మట్టిరాయి రేకులు గోడ నుంచి ఊడి, పోగుల మధ్య తేలుతున్నట్టు నిలిచి ఉంటాయి. ఆ రేకు మొదట గోడలోదే. పగులు ఒకసారి తెరుచుకున్నప్పుడు అసలు సందులో కాకుండా కొంచెం అవతల చీలింది, రేకు పోగుల వైపు ఉండిపోయింది. రేకుకి ఇవతల పాత పోగు, అవతల కొత్త పోగు. ఇలాంటి రేకులు వరుసగా ఉంటే పగులు ఒక్కసారిగా కాక విడతలు విడతలుగా తెరుచుకుందని కళ్ళతో చూడొచ్చు. మీరు కడిగేయాలనుకుంటున్నది దీన్నే. గోడ మట్టి నీటిలో నానితే ముందు ఈ రేకులే ఊడి పోతాయి, వాటితో పాటు పోగుల కొసలూ రాలిపోతాయి.

వంపు సంగతి. పగులు తెరుచుకుంటున్న కాలంలోనే పైరాయి కొద్దిగా పక్కకి కూడా జరిగితే, పోగు ఆ జరిగిన దిక్కు వెంట తిరుగుతుంది. మధ్య గీతకి పైన ఒక వైపు, కింద దానికి ఎదురు వైపు వంగి, మొత్తంగా సాగదీసిన ఎస్ అక్షరంలా కనిపిస్తుంది. పోగు మధ్యభాగం ఏ దిక్కున ఉందో మొదటి కదలిక అటు, కొసలు ఏ దిక్కున ఉన్నాయో చివరి కదలిక అటు. అంటే మీ పలక అంచు మీద ఆ నేల ఎటు లేచి, తరువాత ఎటు జరిగిందో రాసి ఉంది. నిటారు పోగుల ముక్కలు ఎన్నైనా దొరుకుతాయి. మధ్య గీత, తేలే రేకులు, ఎస్ వంపు, రెండు గోడలూ ఒకే చేతి ముక్కలో కుదరడం అరుదు. నా దగ్గరున్న జిప్సం స్పెసిమెన్లలో నేను ఎక్కువసార్లు బయటకు తీసి చూసేవి ఇలాంటివే.

ఒక మినహాయింపు చెప్పాలి. వంపు అంతా పెరుగుదల వల్లే రాదు. జిప్సం మెత్తనిది, పెరగడం అయిపోయాక నేల నొక్కినా పోగులు వంగుతాయి. తేడా పట్టుకోవడం కష్టం కాదు. పెరుగుతూ తిరిగిన పోగు మెరుపు తెగకుండా నునుపుగా తిరుగుతుంది, మధ్య గీతకి రెండు వైపులా వంపు ఒకదానికొకటి సరిపోతుంది. తరువాత నొక్కుకుపోయిన పోగులో వంపు మూల తిరిగినట్టు ఉంటుంది, ఆ మూల వెంబడి సన్నటి తెల్లటి పగుళ్ళ వరస కనిపిస్తుంది, మధ్య గీతతో దానికి సంబంధం ఉండదు. మీ ఫొటోలో ఎడమ చివర అలాంటి చిన్న మూల ఒకటి ఉన్నట్టుంది, మిగతాదంతా మొదటి రకమే. పోగు ప్రతిసారీ కదలికను తు.చ. తప్పకుండా అనుసరిస్తుందని కూడా అనుకోవద్దు. పోగులు సన్నగా, దట్టంగా ఉన్నప్పుడు లెక్క బాగా కుదురుతుంది. లావుగా, పలకలుగా ఉంటే అంత నమ్మకం పెట్టుకోలేం.

గుహల్లో పెరిగే జిప్సం పూలు, పొట్టేలు కొమ్ముల్లా మెలితిరిగిన జిప్సం కూడా పోగుల జాతే గానీ పుట్టుక వేరు. అక్కడ గోడ రంధ్రాల నుంచి వచ్చే ద్రావణం వల్ల పోగు మొదలు దగ్గరే పెరుగుతుంది, పాత భాగం ట్యూబు నుంచి పేస్టు వచ్చినట్టు బయటికి నెట్టుకుపోతుంది. ఒక పక్క వేగంగా, ఇంకో పక్క నిదానంగా పెరిగితే చుట్ట తిరుగుతుంది. అమెరికాలోని మామత్ గుహలో గోడల నిండా ఇలాంటి పూలున్నాయి. మెక్సికోలోని సాంటా యులాలియా గనుల నుంచి వచ్చిన పొట్టేలు కొమ్ములు కలెక్షన్లలో కనిపిస్తాయి. గనిలోంచి వచ్చినది వేరు, గుహ గోడ నుంచి పెకలించినది వేరు. అమెరికాలో ప్రభుత్వ భూముల్లోని గుహల రక్షణకు 1988 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. ఎక్కడిదో చెప్పలేని గుహ పువ్వుని కొనకండి. ఈ విషయంలో నాకు ఎలాంటి మొహమాటమూ లేదు.

పగుళ్ళలో జిప్సం నిండటం భూమికే పరిమితం కాదు కూడా. 2011లో ఆపర్చునిటీ రోవర్ అంగారకుడి మీద ఎండెవర్ బిలం అంచున బొటనవేలి వెడల్పుతో, అర మీటరు లోపు పొడవున్న ఒక తెల్లటి చారను చూసింది. దానికి హోమ్‌స్టేక్ అని పేరు పెట్టారు. కొలిస్తే కాల్షియం, గంధకం జిప్సంకి సరిపోయే పాళ్ళలో వచ్చాయి. అక్కడ ఒకప్పుడు రాతి పగుళ్ళలో నీరు పారిందనడానికి బలమైన ఆధారంగా దాన్ని తీసుకున్నారు. మట్టిరాయి మధ్యలో తెల్లటి చారకి ఎంత అర్థం ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

శుభ్రం చేయడం గురించి ఇప్పుడు.

నీటిలో పెడితే కరిగి మాయమైపోతుందని ఇంటర్నెట్‌లో భయపెడతారు. అంత లేదు. మామూలు గది వేడిలో లీటరు నీటిలో సుమారు రెండు నుంచి రెండున్నర గ్రాముల జిప్సం కరుగుతుంది. ఒక్క నిమిషం తడిస్తే ముక్క ఎక్కడికీ పోదు. పోగుల జిప్సంకి అసలు ప్రమాదం వేరే. పోగుల మధ్య సందులు కేశనాళికల్లా నీటిని లోపలికి లాగేస్తాయి. పైనున్న మట్టి రంగు నీటితో పాటు లోపలికి దిగి, ఎండాక పోగుల మధ్య ఎర్రటి చారలుగా నిలిచిపోతుంది. ఆ మరక ఇక రాదు. పైముఖంలో పోగుల హద్దుల వెంట ముందు కరగడం వల్ల సన్నటి గాట్లు పడి పట్టు మెరుపు మసకబారుతుంది. ఉప్పునీరు ఇంకా చెడ్డది, జిప్సం మామూలు నీటిలోకన్నా ఉప్పునీటిలో ఎక్కువ కరుగుతుంది. రాయిని శుద్ధి చేయాలని ఎవరో రాత్రంతా ఉప్పునీటిలో నానబెట్టిన పాలిష్ పలక ఒకటి నా దగ్గరకి వచ్చింది. వేలితో నిమిరితే గరుకుగా ఆకురాయిలా తగిలింది, మెరుపు పూర్తిగా పోయింది. పాలిష్ ముక్క కాబట్టి మళ్ళీ పట్టించి కొంత వెనక్కి తెచ్చుకోగలిగాం. సహజమైన విరిగిన ముఖానికి అలా జరిగితే చేయగలిగింది ఏమీ లేదు.

కాబట్టి మీ పలకకి పొడి పద్ధతే. ముందు రబ్బరు బంతి ఊదుడుతో దుమ్ము వదిలించండి. తరువాత మెత్తటి కుంచెతో పోగుల దిక్కులోనే తుడవండి, అడ్డంగా తుడిస్తే కొసలు విరుగుతాయి. పోగుల ముఖం మీదకి జారి అంటుకున్న మట్టిని మాత్రం వెదురు పుల్ల మొనతో, లూపు కింద, కొంచెం కొంచెంగా గీకి తీయండి. లోహపు సూది వాడొద్దు, కాఠిన్యం 2 ఉన్న రాయి మీద సూది ఒక్క జారు జారితే గీత శాశ్వతం. చేతి జిడ్డు మరకలకి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదిపుల్లకి అద్ది తేలికగా రాయండి. 70 శాతం దొరుకుతుంది కదా అని అది వాడొద్దు, మిగతాది నీరే. అల్ట్రాసోనిక్ పాత్రలో (ధ్వని కంపనాలతో కడిగేది) అస్సలు పెట్టకూడదు, పోగులు విడిపోతాయి. మెరుపు కోసం నూనె రాయమని చెప్పేవాళ్ళుంటారు, వినకండి. నూనె లోపలికి పీల్చుకుని, కొన్నాళ్ళకి పచ్చబడి, దుమ్ము పట్టుకుంటుంది.

గోడల మట్టిని మాత్రం ముట్టుకోకండి. వదులుగా ఉండి రాలుతుంటే దాన్ని గట్టిపరచాలి గానీ తీయకూడదు. పారలాయిడ్ బి-72 అనే ఆక్రిలిక్ రెజిన్‌ని అసిటోన్‌లో బాగా పలచగా కలిపి, సన్న కుంచెతో మట్టి మీద మాత్రమే చుక్కలు చుక్కలుగా వేయండి. మ్యూజియంలలో వాడేది ఇదే, కావాలంటే తరువాత అసిటోన్‌తో తీసేయొచ్చు కూడా. గాలి ఆడే చోట, మంటకి దూరంగా చేయాలి. పోగుల మీదకి పాకకుండా చూసుకోండి. గోడ ఊడి వచ్చినా అదే రెజిన్‌ని చిక్కగా కలిపి అతికించొచ్చు. సూపర్‌గ్లూ వద్దు. నీటిలాగే అదీ పోగుల మధ్యకి పాకుతుంది, ఆరాక గాజులాంటి మచ్చ ఒకటి, చుట్టూ తెల్లటి బూడిద పొర ఒకటి మిగులుస్తుంది.

వేడి గురించి చాలామంది పట్టించుకోరు. రాలిన పలుకు ఒకటి గాజు గొట్టంలో వేసి సన్నటి మంట మీద వేడి చేస్తే గొట్టం పైభాగంలో నీటి బిందువులు పడతాయి, పలుకు సున్నపు ముక్కలా తెల్లబడి పొడి అవుతుంది. తనలోని నీరు చాలావరకు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌గా మారింది. 100 డిగ్రీలు దాటాక ఇది త్వరగా జరుగుతుంది. పొడి గాలిలో అంతకన్నా తక్కువ వేడిలో కూడా నెమ్మదిగా జరగవచ్చు. బీరువాలో హాలోజన్ దీపం కింద, కిటికీ దగ్గర నేరుగా ఎండ పడే చోట, హీటర్ పక్కన పెట్టొద్దని చెప్పేది ఇందుకే. ఎల్ఈడీ పెట్టండి, అదీ కొంచెం దూరంగా. ఎక్కువసేపు వేడి తగిలిన ముక్కలో మొదట అంచుల్లో అపారదర్శకమైన తెలుపు కనిపిస్తుంది, వెలుతురు లోపలికి పోవడం ఆగిపోతుంది. అది తిరిగి రాదు. మట్టి గోడ ఉన్న ముక్కకి ఇంకో చిక్కు కూడా ఉంది. గాలిలో తేమ బాగా ఎక్కువా తక్కువా అవుతుంటే మట్టి ఉబ్బి, ముడుచుకుని, పోగుల నుంచి విడివడుతుంది. మూత ఉన్న పెట్టెలో, తేమ నిలకడగా ఉండే చోట పెట్టండి. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) స్పెసిమెన్లతో ఒకే పెట్టెలో వద్దు, పైరైట్ పాడవడం మొదలైతే వచ్చే ఆమ్లం చుట్టుపక్కల దేన్నీ వదలదు.

పెట్టడంలో కూడా పద్ధతి ఉంది. పోగులు సులువుగా విడేది వాటి పొడవు వెంబడే. కాబట్టి గోడ కిందికి ఉండేలా, పలక బరువంతా గోడ మొత్తం మీద సమానంగా పడేలా కూర్చోబెట్టండి. అంచు మీద నిలబెడితే ఎప్పుడో ఒకప్పుడు పోగుల వెంట చీలుతుంది. కింద దూది వేయొద్దు, కొసలు చిక్కుకుని తీసేటప్పుడు తెగుతాయి. ముక్క ఆకారానికి గుంట కోసిన ఫోమ్ మీద ఆమ్లం లేని టిష్యూ కాగితం పరిస్తే సరిపోతుంది. ఎత్తేటప్పుడు గోడల దగ్గరే పట్టుకోండి, పోగుల ముఖాన్ని వేళ్ళతో తాకకండి.

ఇక మీ కడ్డీ. దాన్ని తీసిపారేయకండి. మార్కెట్‌లో కనిపించే కడ్డీలు, గోపురాలు, దీపాలు చాలావరకు మొరాకో నుంచి వచ్చే పొడవాటి పోగుల దుంగల్ని కోసి చేసినవి. కోయడంలో గోడలు పోయాయి, మధ్య గీత పోయింది, ఏ పొర నుంచి వచ్చిందో తెలియదు. భూగర్భం గురించి అది చెప్పగలిగింది తక్కువ. కానీ వెలుతురు ఆటని చూపించడానికి దానికన్నా మంచిది లేదు. గుండ్రటి ముఖం మీద ఒక్క దీపం వెలుతురు పడేలా పట్టుకుని తిప్పండి, పోగులకి అడ్డంగా ఒక తెల్లటి మెరుపు పట్టీ జారుతూ కనిపిస్తుంది. ఒకే దిక్కున పేర్చిన వేల పోగుల మీద నుంచి వెలుతురు తిరిగి రావడం వల్ల వచ్చే పట్టీ అది. పలకనీ కడ్డీనీ పక్కపక్కన పెడితే ఒకటి పుట్టుకని, ఇంకోటి మెరుపుని చెబుతాయి.

మీ మిత్రుడు నకిలీ అన్న మాటకి ఆధారం లేకపోలేదు. పిల్లికన్ను మెరుపున్న ఫైబర్ గాజుని కూడా ఇలాగే అమ్ముతారు. దానికి గోటితో గీత పడదు, మెరుపు పట్టీ మరీ పదునుగా, ఎక్కడా తెగకుండా ఉంటుంది, కోసిన కొసని లూపుతో చూస్తే తేనెపట్టులా క్రమంగా అమర్చిన గళ్ళు కనిపిస్తాయి. సహజ జిప్సంలో అంత క్రమం ఉండదు, పోగుల లావు మారుతుంటుంది, మధ్యలో మబ్బులాంటి మచ్చలుంటాయి. ముదురు నీలం, గులాబీ, ఊదా రంగుల సాటిన్ స్పార్ కనిపిస్తే రంగు వేసిందేమోనని అనుమానించండి. దూదిపుల్లకి అసిటోన్ అద్ది కనిపించని మూల రుద్దితే చాలాసార్లు బయటపడుతుంది. లేత నారింజ, గోధుమ, ఎరుపు ఛాయలు ఇనుము వల్ల సహజంగానే రావచ్చు.

లేబుల్ విషయంలో బద్ధకించకండి. ఆ పలక మీకు ఇచ్చినవారిని ఇప్పుడే అడిగి, ఏ ఊరి దగ్గర, ఏ రకం రాతిలో, పొర అడ్డంగా ఉందా ఏటవాలుగా ఉందా అని తెలుసుకోండి. ముఖ్యంగా ఏ గోడ పైది, ఏది కిందది. వంపు చెప్పే కదలిక దిక్కు ఈ ఒక్క సమాచారం లేకపోతే అర్థం కాకుండా పోతుంది. పైగోడ మట్టి మీద పారలాయిడ్ చుక్క ఒకటి వేసి, ఆరాక దాని మీద సిరాతో నంబరు, పైకి చూపే బాణం గుర్తు వేయండి. పోగుల మీద సిరా పెట్టొద్దు, లోపలికి పాకుతుంది.

ఇలాంటివి ఇంకా కావాలంటే పాత సేకరణల నుంచి వచ్చినవి చూడండి. ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లోని, సోమర్సెట్ తీరంలోని ట్రయాసిక్ అనే భూగర్భ యుగపు ఎర్ర మట్టిరాళ్ళలో ఈ పొరలు పేరుమోసినవి. టెక్సస్‌లోని పాలో డ్యూరో లోయ గోడల్లో తెల్లటి చారలుగా కనిపిస్తాయి, స్టేట్ పార్క్ కాబట్టి అక్కడ రాయి తీయకూడదు, చూసి రావడమే. తమిళనాడులో కారై దగ్గరి క్రెటేషియస్ (ట్రయాసిక్ తరువాతి మరో భూగర్భ యుగం) మట్టి నేలల్లో కూడా పోగుల జిప్సం పలకలున్నాయి. ఎక్కడిదైనా, కొనేటప్పుడు పొడవు, తెలుపు చూసి మురిసిపోకుండా విరిగిన అంచు ఫొటో అడగండి. రెండు గోడలూ ఉన్నాయా, మధ్య గీత కనిపిస్తోందా, గోడ దగ్గర రేకులున్నాయా అన్నది ఆ ఒక్క ఫొటోలో తేలిపోతుంది.

మీ పలక అంచుకి కూడా అలాంటి ఫొటో ఒకటి తీసి పెట్టండి. దీపం ఎడమ పక్కన కింద నుంచి, స్కేలు పక్కనే, పైగోడ పైకి ఉండేలా. ఆ ఎడమ చివరి మూల వంపు పెరుగుదలదా, తరువాత నొక్కుకుందా అన్నది అప్పుడు కచ్చితంగా చెప్పగలను.